విధురుని వంటిల్లు

(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



నిన్నటి ప్రొద్దుటినుండి ఈ మహాసభయందు విద్యను గూర్చియు, వర్తకమును గూర్చియు, వివాహ సంబంధములను గూర్చియు, విద్యార్థుల వసతిగృహమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. మాకు నియమింపబడిన విషయము వానికంటె మిక్కిలి చిన్నదిగా గానవచ్చును. భార్యను గోల్పోయి యొంటిగా నివసించు పురుషుడు ఏమి భుజించుచున్నాడు, దినమెట్లు గడపుచున్నాడు, లోకమును గూర్చి యేమి తలంచుచున్నాడు అనునదియే విషయము. "ఇది మీకు అనుభవములోని సంగతి గదా, మీరే చెప్పవలయు"నని ఆహ్వానసంఘమువారు కోరిరి. నిజమే. మా గృహిణి 2013వ సంవత్సరమున స్వర్గస్థురాలయ్యెను. నాటినుండి ఈ సీతమ్మధారలోనే రెండుగదుల యింటిలో నొంటిగా నున్నాము. ఈ సభలో మమ్ము బోలినవారు పలువురు గూర్చుండియున్నారు. వారి పక్షమునను మాటలాడుచున్నాము గావున, "మేము" అను మాట మా యొక్కరికే చెందినది కాదని మనవి.

మొట్టమొదట పేరు సంగతి. భర్త గతించిన స్త్రీకి మన భాషలో పేర్లు కొల్లలుగా నున్నవి. వానిలో పెక్కు తిట్లు. ఆ తిట్లలో నొకదానిని భార్యాపుత్రులతో సుఖముగా నున్న పురుషులమీద సైతము దినమునకు పదిమార్లు ప్రయోగించుచున్నాము. భార్య గతించిన పురుషునకో, నిఘంటువులో విధురుడను శబ్దమొకటి కలదు గాని, దానిని వీథిలో పలికినవారిని మేమెరుగము. "పాపము, వారి యింటావిడ పోయినది" అనుచు పోయినయామెను జెప్పుదురే గాని, మిగిలినవానికొక పేరు లేదు. పేరులేని రోగమునకు వైద్యుడు మందు వ్రాయడు. మన సంఘముయొక్క సాయపట్టికలలో వితంతువులకొక కాలము, అనాథబాలురకొక కాలము, వికలాంగులకొక కాలము గలవు. విధురునకు కాలము లేదు. దానికి కారణము దయలేమి గాదు, అతనికేదియు గొరతయున్నదని యెవరికిని తోచకపోవుటయే.

కొరత యెక్కడనున్నదో స్పష్టముగా జెప్పెదము. భర్త గతించిన స్త్రీకి లోకము బొట్టును దీసివేసి వంటింటిని మిగిల్చెను. భార్య గతించిన పురుషునకు బొట్టును మిగిల్చి వంటింటిని దీసివేసెను. ఆమెకు అన్నము గలదు, గౌరవము లేదు. ఇతనికి గౌరవము గలదు, అన్నము లేదు. వంటిల్లు స్త్రీదనియు, వీథి పురుషునిదనియు మన పెద్దలు గీచిన గీటొక్కటే ఈ రెండు దుఃఖములకును మూలము. రెంటిలో స్త్రీ దుఃఖమే పెద్దదని మేము మొదటనే యొప్పుకొనుచున్నాము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమున వితంతువులు నాలుగుకోట్లకు పైబడియుండగా, విధురుల సంఖ్య యందులో మూడవవంతునకైన రాలేదు. భార్య భర్తకంటె వయసున చిన్నదగుట, స్త్రీలు దీర్ఘాయుష్మంతులగుట, పురుషుడు మరల వివాహమాడుట, ఈ మూడును దానికి కారణములు. తక్కువవారమైనంతమాత్రమున మా ఆకలి తక్కువది కాదు.

పూర్వకాలమున ఈ ఆకలి యెట్లు తీరెడిదో జ్ఞాపకము చేసికొనుట మంచిది. మన పొరుగుననున్న విజయనగరమునందు 1892లో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకము ప్రదర్శింపబడెను. అందులోని లుబ్ధావధాన్లు ముదుసలి విధురుడు. అతని యింటనున్నది వితంతువైన కుమార్తె మీనాక్షి. అది చాలక పసిపిల్లను ధనమిచ్చి కొని పెండ్లియాడ జూచును. ఇది కవి కల్పించిన వింత గాదు. ఆ కాలమున విశాఖపట్టణము జిల్లాలోని బ్రాహ్మణకుటుంబములలో జరిగిన ఇట్టి వివాహముల పట్టికనొకదానిని విజయనగర మహారాజావారు తయారుచేయించిరనియు, మూడేండ్లలో వాని సంఖ్య 1,034 అయ్యెననియు అప్పారావుగారే తమ పీఠికలో వ్రాసిరి. అనగా ఏటికి సుమారు 344. అందు ఐదేండ్ల పిల్లలు మాత్రమే గాక, ఏడాది పిల్లలును గలరు. ఆ వరులలో ముదుసలి విధురులకు గావలసినది యేమి? కొంత సంతానము, కొంత ధర్మకార్యమునకు సహచరి. ఎక్కువభాగము ముసలితనమున గంజి కాచిపోయుటకొక చేయి. ఆ ముదుసలి కొలదియేండ్లకు గతించును. ఆ పిల్ల పదునైదేండ్లు రాకమునుపే వితంతువై, మరియొకరి వంటింట జీవితమంతయు వండుచు గూర్చుండును. విధురుని యాకలియే బాలవితంతువును బుట్టించెననిన అతిశయోక్తి గాదు.

ఆ బాలవితంతువుల కన్నీరు దుడుచుటకు కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిరి. నాడు వంటవారును నీళ్లు మోయువారును ఆ యింటి గడప ద్రొక్కమనగా, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే నీళ్లు మోసి, వంట చేసి, వచ్చినవారికి వడ్డించిరి. ఆ సంస్కారమంతయు ఆమె పొయ్యిమీదనే నిలిచెననిన తప్పులేదు. 1910లో ఆమె గతించిరి. పంతులుగారు 1919లో దేహము చాలించువరకు విధురులై యుండిరి. వితంతువులకొరకు ఆయన వ్రాసినదియు పలికినదియు మనకు లభ్యమై యున్నది. ఆ తొమ్మిదేండ్ల ఆయన వంటింటిని గూర్చి మాత్రము ఎవరును ప్రసంగింపరు.

1929లో శారదాశాసనము వచ్చెను. 1955 నాటి హిందూ వివాహచట్టము ఏకపత్నీత్వమును స్థాపించెను. పసిపిల్లను ముసలివానికి గట్టబెట్టు ద్వారము మూయబడెను. అది మూయబడుట సర్వవిధముల న్యాయము. ఆ ద్వారము మూసినవారు మఱియొక ద్వారము తెరవలేదు. పురుషునకు వంట నేర్పవలెనను మాట సంస్కర్తల పట్టికలలో పెద్దగా జేరలేదు. నాటినుండి నేటివరకు విధురుడు మూసిన తలుపు ముందర కంచము పట్టుకొని నిలిచియున్నాడు.

ఇక మన పట్టణపు సంగతి. విశాఖపట్టణము ఒంటిపురుషులను జేర్చుకొని పెరిగిన పట్టణము. 1933లో ఓడరేవు తెరవబడెను. 1941లో నౌకానిర్మాణశాలకు పునాది పడెను. అందు నిర్మింపబడిన "జలఉష" 1948లో జలప్రవేశము చేసెను. 1957లో చమురుశుద్ధి కర్మాగారము పనిచేయ నారంభించెను. 1966లో ఉక్కుకొరకు ఆంధ్రదేశమంతయు నుద్యమించెను; 1971లో శంకుస్థాపన జరిగెను; 1992లో ఆ కర్మాగారము జాతికంకితమయ్యెను. ఈ పనులలో ప్రతియొక్కటియు శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల పల్లెలనుండి పడుచువారిని రప్పించెను. వారు నలుగురైదుగురొక గదిలో నుండి, మెస్సులో భుజించి, పిమ్మట పెండ్లియాడి కాపురములు పెట్టిరి. అన్నదమ్ములు, వదినెలు, మేనత్తలు ఊరనే యుండిరి. ఉద్యోగము చాలించినవారు సీతమ్మధార, అక్కయ్యపాలెము, మద్దిలపాలెము పేటలలో తలయొక యిల్లు గట్టుకొనిరి. ఆ యిండ్లే పిమ్మట అపార్టుమెంట్లయ్యెను. పిల్లలు హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు బోయిరి. మెస్సుతో మొదలైన పురుషుని భోజనము నేడు కర్రీపాయింటుతో ముగియుచున్నది. నడుమ ముప్పది, నలుబదియేండ్లు మాత్రమే ఇంటివంట. ఆ నలుబదియేండ్లలో ఆ వంట యెట్లు జరుగుచుండెనో వంటింటిలోనికి బోయి చూచిన పురుషులు తక్కువ.

ఒంటిపురుషుని భోజనము క్రమముగా నెట్లు క్షీణించునో చెప్పెదము. సభలోని ఆడుబిడ్డలు తమ తండ్రుల విషయమున దీనిని గమనింపవలయును. మొదట పోవునది పప్పు. గుప్పెడు కందిపప్పు ఉడకబెట్టుటకును, నలుగురికి ఉడకబెట్టుటకును శ్రమ యొక్కటే. కావున అది మానును. పిమ్మట పోవునది కూర. రైతుబజారులో సొరకాయ నిండుకాయగా నమ్ముదురు. ఒక్కడు ఒక సొరకాయను నాలుగుదినములు తినవలెను. మూడవదినమున దానిని జూచిన విరక్తి బుట్టును. తరువాత చారు పోవును. చిట్టచివరకు మిగులునవి మూడు: అన్నము, ఆవకాయ, పెరుగు. చూచువారికిది కమ్మని భోజనమే. రోజుకు ఐదుగ్రాములకు మించి ఉప్పు పనికిరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచుండగా, మూడుపూటల ఊరగాయతో దినువాడు ఆ హద్దునెన్నడో దాటియుండును. పప్పు లేక బలము దగ్గును; ఉప్పు హెచ్చి రక్తపుపోటు పెరుగును. వైద్యుడు మాత్రలు వ్రాయును. కంచము సంగతి వైద్యుడడుగడు, ఇతడు చెప్పడు.

ఒక్కనికొరకు వండరాని వంటలు కొన్ని గలవు. దప్పళము అట్టిది. గుమ్మడి, సొర, వంగ, మునగ, చిలగడదుంప, అన్నియు గొంచెము గొంచెముగా వేసినను గిన్నెనిండా నగును. అది కుటుంబపు వంట. ఇంటిలో పదిమందియున్నారని చెప్పుకొను వంట. పనసపొట్టుకూరయు నట్టిదే. ఆవ నూరి పెట్టవలె. పొయ్యి దింపిన పిమ్మట పెట్టవలె, ముందు పెట్టిన చేదెక్కును. ఈ రహస్యము గృహిణి చేతిలోనుండునే గాని పుస్తకములో నుండదు. వంటపుస్తకములలో "ఉప్పు తగినంత" అని యుండును. ఎంత తగునో తెలిసినవారికి పుస్తకమెందుకు? తెలియనివారికి ఆ మాట యెందుకు? మన స్త్రీల విద్యయంతయు ఆ "తగినంత" అను మాటలో దాగియున్నది. దానిని మన మెన్నడును విద్యగా లెక్కింపలేదు.

కర్రీపాయింటును గూర్చి కొందరు చులకనగా మాటలాడుదురు. మేమట్లనము. సాయంకాలము ఆరుగంటలకు ఏ పేటలోనైనను అచ్చట నిలుచున్న వరుసను జూడుడు: ఉద్యోగము చేయు దంపతులు, చదువుకొను పిల్లలు, తలనెరసిన మావంటివారు. రబ్బరుబ్యాండు చుట్టిన పొట్లములో పప్పు, కూర, పులుసు దొరకును. పేదవానికిని అందుబాటులో నుండును. అడుక్కున్నమ్మకు అరవై కూరలు, వండుకున్నమ్మకు ఒక్కటే కూర యను సామెత మాకిచ్చట సార్థకమయ్యెను. అయినను ఆ అరువది కూరలకును రుచి యొక్కటే, నూనె యొక్కటే, కారమొక్కటే. వారమునకు రెండుమార్లు తెచ్చుకొనుట సౌకర్యము. దినదినము తెచ్చుకొనుట పరాధీనత.

వంటమనిషిని బెట్టుకొనరాదా యనువారు గలరు. స్తోమతు గలవారు పెట్టుకొందురు. మేమును కొంతకాలము పెట్టుకొంటిమి. మా యింటికి వచ్చిన అమ్మ తానును భర్తను గోల్పోయినదే. ప్రొద్దుట నాలుగిండ్ల వంట ముగించుకొని, తన యింటికి బోయి మరల పొయ్యి వెలిగించుకొని, పిల్లలకు వండిపెట్టెడిది. ఆమెకు సంపాదన స్వల్పము, సభలలో పీట లేదు. ఆకలిని గూర్చి భయము మాత్రము లేదు. మాకు పింఛను గలదు, సభలలో కుర్చీ గలదు. ఆమె రానినాడు మాకు అన్నము లేదు. ఇద్దరిలో స్వతంత్రులెవరో సభవారే నిర్ణయింపుడు.

ఈ పరాధీనత మాటలలోని సంగతి గాదని రెండు విపత్తులు నిరూపించినవి. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ ఆదివారమున హుద్‌హుద్ తుపాను ఈ పట్టణముమీద బడెను. చెట్లు కూలెను, కరెంటుస్తంభములు నేలకొరిగెను, ఫోనులు మూగవోయెను. పలుదినములు దీపములు లేవు, కుళాయి నీరు లేదు. దుకాణములు మూసియుండెను. మా యింట బియ్యమున్నవి, పప్పున్నది, గ్యాసుబండ నిండుగా నున్నది. ఇన్నియుండియు రెండుపూటలు అటుకులతో గడపితిమి. ఇంటినిండ ధాన్యముండగా ఆకలిగొనుట యెట్టిదో నాడు తెలిసెను. మూడవదినమున పై యంతస్తులోని పొరుగింటివారు పిలిచి వేడివేడి పప్పన్నము పెట్టిరి. ఆ యిల్లాలే, కరెంటు వచ్చినపిమ్మట, మాకు కుక్కరులో అన్నము, పప్పు పెట్టుట నేర్పెను. అరువదియవపడిలో అక్షరాభ్యాసమైనట్లయ్యెను. ఆరునెలలలో చారు, వేపుడు, పులుసు, నువ్వుపొడి కూర, చోడి అంబలి వచ్చినవి. ఆవ పెట్టుటయు వచ్చెను.

రెండవది 2020 మార్చి 25వ తేదీన దేశమంతట విధింపబడిన లాక్‌డౌను. మెస్సులు మూయబడెను, కర్రీపాయింట్లు మూయబడెను, వంటవారు రాలేకపోయిరి. ఈమారు మా పొయ్యి వెలిగెను. మా మెట్లమీద నున్న మరి యిద్దరు ఒంటిపురుషులకును మేమే గిన్నె నింపితిమి. అయితే మనవారిలోనే వేరొక పేటలోని పెద్దయొకరికి అట్లు జరుగలేదు. వారికి మధుమేహము. మాత్ర వేళకు వేసికొనెడివారు గాని, అన్నము వేళకు లేదు. ఆహారము లేక ఆ మాత్ర వేసికొన్నచో రక్తములోని చక్కెర పడిపోయి స్మృతి దప్పును. తలుపునకు దగిలించిన సంచిలో రెండుదినముల పాలపొట్లములు అట్లే యుండుట జూచి పాలు వేయు కుర్రవాడు కేకలువేసెను. ఇరుగుపొరుగువారు తలుపు విరుగగొట్టి ఆయనను రక్షించిరి. ఆయన నేడు ఈ సభలోనే యున్నారు. వారి యనుమతితో చెప్పుచున్నాము. ఒక్క పూట ఆలస్యమైయుండినచో, ఈ సంచికలో వారి చిత్రపటము క్రింద సంతాపతీర్మానము అచ్చుపడియుండును. మనము రెండు నిముషములు లేచి నిలిచియుందుము. లేచి నిలుచుట మనకు బాగుగా వచ్చును. ముందుగా బోయి తలుపు తట్టుటయే యింకను రాలేదు.

ఇక కొన్ని యభిప్రాయములు. వీనిలో కొన్ని సభవారికి రుచింపకపోవచ్చును.

పిల్లలమీద నేరము మోపుటకు మేము రాలేదు. "మా యొద్దకు వచ్చియుండు"డని వారు పిలుచుచునే యున్నారు. పోయి మూడునెలలుండి వచ్చుచున్నాము. వారి యింట మాకు లోటు లేదు, పనియు లేదు. ఇచ్చట సీతమ్మధారలో ప్రొద్దుట నడకకు తోడుగలదు, రైతుబజారులో బేరమాడుటకు ఎరిగిన ముఖములు గలవు, సాయంకాలము నాలుగుమాటలు చెప్పుకొనుటకు అరుగు గలదు. తన యింట గంజి తాగువాడు యజమానుడు. ఒరుల యింట పాయసము తాగువాడు అతిథి. ఎంతకాలము అతిథిగా నుండగలము? 2007వ సంవత్సరమున తల్లిదండ్రుల పోషణ, వయోవృద్ధుల సంక్షేమ చట్టము వచ్చెను. పోషింపని బిడ్డలనుండి నెలకు పదివేల రూపాయలకు మించకుండ ఇప్పించుటకు ట్రిబ్యునళ్లకు అధికారమిచ్చెను. అట్టి యవస్థలోనున్నవారికి అది యూతయే, ఉపయోగించుకొనవలయును. కాని చట్టము రూపాయి నిప్పింపగలదు, ప్రక్కన గూర్చుండి తినజాలదు.

శుభకార్యములలో విధురుని స్థితి విచిత్రము. వితంతువును వెనుకకు నెట్టినట్లు అతనిని నెట్టరు. "పెద్దలు, ముందుకు రండి" అందురు. పీటలమీద గూర్చుండు వేళకు మాత్రము "దంపతులు రావలె"నని పురోహితుడు పలుకును. కన్నకూతును దానము చేయు వేళ తమ్ముడు, మరదలు పీటలమీద గూర్చుండగా, కన్నతండ్రి స్తంభము ప్రక్కన నిలుచును. తండ్రియైనను తల్లియైనను, మిగిలియున్నవారొక్కరే పీటమీద గూర్చుండి కన్యనిచ్చుటకు మన సంఘము సమ్మతింపవలయునని మా యభిప్రాయము. ఏటేట మనము ఆదర్శదంపతులను సన్మానించుచున్నాము. సంతోషమే. ఒంటరిగా బిడ్డలను బెంచి నిలబెట్టిన తల్లిని, తండ్రిని గూడ అదే వేదికమీద నదే శాలువతో సన్మానింపవలయును.

పునర్వివాహమును గూర్చి. అరువదిదాటిన విధురుడు పెండ్లి తలపెట్టిన లోకము నవ్వును. ఆ వయసు వితంతువు తలపెట్టిన లోకము మండిపడును. 1856లోనే వితంతువునకు పునర్వివాహాధికారము చట్టరీత్యా వచ్చెను. చట్టమునకు సిగ్గులేదు గాని మనకింకను సిగ్గుగా నున్నది. ముదిమిలో తోడు గోరుట తప్పుగాదు. మన వధూవరుల పట్టికలో వయసు మీరిన వితంతువులకును విధురులకును సమానముగా చోటుండవలయును. అయితే ఒక్క నియమము. వంట చేయుటకొక మనిషి గావలెనని పెండ్లికి వచ్చు పురుషుని పేరు ఆ పట్టికలో వ్రాయరాదు. "ముందు అన్నము వండుట నేర్చుకొని రండు" అని మర్యాదగా పంపివేయవలయును. అట్లు చేయకున్నచో లుబ్ధావధాన్లుగారికి మనమే సంబంధము కుదిర్చినవారమగుదుము.

మీ ముందర ఒక తీర్మానము గలదు. సంఘభవనము క్రింది యంతస్తును విందుల కద్దెకిచ్చి రాబడి తెచ్చుకొందమని కొందరు, పైనింకొక యంతస్తు వైచి వృద్ధాశ్రమము గట్టుదమని కొందరు కోరుచున్నారు. ఇరువురి సదుద్దేశమునకును వందనము. ఒంటరివారలనందరిని దెచ్చి ఒకచోట నుంచుటకంటె, ఎవరి యింటివారిని ఆ యింటనే నిలబెట్టుట మేలని మా విన్నపము. దానికి నాలుగు పనులు చాలును.

మొదటిది: మన విద్యార్థివసతిగృహమున ప్రతి బాలుడును వారమునకొక పూట వంటవానితో గూడి వంటచేయవలయును. నాలుగేండ్ల చదువు ముగియునప్పటికి అన్నము, పప్పు, కూర, చారు స్వయముగా జేయగలిగియుండవలయును. ఇంజనీరింగు చదువువానికి చారు పెట్టుట కష్టముగాదు. ఈ ఒక్కపనివలన నేటి భార్యకు నేడే శ్రమ తగ్గును. నలుబదియేండ్ల తరువాతి విధురుడు నేడే రక్షింపబడును.

రెండవది: సంఘభవనపు క్రింది యంతస్తున వారమునకు రెండుదినములు సహపంక్తిభోజనము. ఇది ధర్మసత్రము గాదు. తినువారు తమ భాగము ఖర్చు నిచ్చుకొందురు. వండుట వంతులవారీగా, పురుషులును వండవలయును. వితంతువులు, విధురులు, పిల్లలు దూరమైన దంపతులు, ఎవరైనను రావచ్చును. ఒక్కనికి వండరాని దప్పళము ఇరువదిమందికి సులభముగా వండవచ్చును. పని మిగిలియున్నదినములలో నా యంతస్తును అద్దెకిచ్చుకొనవచ్చును. రాబడికిని భంగము లేదు.

మూడవది: పేటపేటకు పదిమందికొక జట్టు. ప్రొద్దుట ఎనిమిదిలోపల ప్రతివారును జట్టులోని మరియొకరికి ఫోనుజేసి "కాఫీ అయినదా, మాత్ర వేసికొంటిరా, ఏమి తింటిరి?" అని యడుగవలయును. జవాబు రానిచో సమీపమునందున్నవారు పోయి తలుపు తట్టవలయును. దీనికి పైసా ఖర్చులేదు. పాలపొట్లములు లెక్కబెట్టు భారము పాలు వేయు కుర్రవానిపై వేయరాదు.

నాలుగవది: సాయపట్టికలో విధురునకును ఒక కాలము.

పోషకులకొక మనవి. మీరు బంగారుపతకములిచ్చితిరి, గదులు గట్టించితిరి. గోడలమీద చలువరాతిపలకలపై మీ పేర్లు వెలయుచున్నవి. ఈయేడు మాకు పలకలు వలదు. రెండు పెద్దపొయ్యిలు, నాలుగు కుక్కర్లు, అరువది కంచములు, గ్లాసులు గావలెను. మన యిండ్లలో పెండ్లినాడు వచ్చిన పాత్రలమీద పేర్లు కొట్టించుట ఆచారము గదా. వీనిమీదను మీ పేర్లు కొట్టింపుడు. గోడమీది పేరును ఏడాదికొకమారు ఈ మహాసభనాడు చదువుదుము. కంచముమీది పేరును తిన్నప్పుడెల్ల చదువుదుము.

యువకులకొక మాట. మీ తల్లి జీవించియుండగనే ఆమె ప్రక్కన నిలుచుండి రెండుకూరలు నేర్చుకొనుడు. "తగినంత" యనగా నెంతయో ఆమె చేతిని జూచి గుర్తుపెట్టుకొనుడు. ఆమె పోయినపిమ్మట లేఖలుండును, చిత్రపటములుండును, నగలుండును. ఆ చేతి కొలత మాత్రముండదు. వివాహితులైనవారు భార్యకు వారమున నొకదినము వంటింటినుండి సెలవిండు. అది యుపకారముగా నెంచవలదు. మీ ముసలితనమునకు మీరే కట్టుకొను చందాగా నెంచుకొనుడు.

సోదరీమణులకొక మాట. మీరు మీ భర్తలను వంటింటిలోనికి రానీయుడు. "మీకెందుకు, మీరు కూర్చోండి" యను ప్రేమవాక్యమే పిమ్మట వారిని పస్తుండజేయుచున్నది. వారు గిన్నె మాడ్చుదురు, ఉప్పు హెచ్చువేయుదురు. సహింపుడు. మాడిన గిన్నెను తోముకొనవచ్చును.

స్త్రీకి బొట్టును, పురుషునకు వంటింటిని తిరిగి యిచ్చుటయే మన సంఘము చేయదగిన సంస్కారము. మొదటి సగమును వీరేశలింగము పంతులుగారు మొదలిడిరి. అదియు నింకను పూర్తిగాలేదు. రెండవ సగమును మనము మొదలిడుదము. తీర్మానము సభవారి చేతిలో నున్నది. ఓటు వేయునప్పుడు మీ తండ్రి మధ్యాహ్నమేమి తినెనో యొకమారు జ్ఞప్తికి దెచ్చుకొనుడు. తెలియనిచో, ఫోనుచేసి కనుగొని పిమ్మట ఓటు వేయుడు.



స్వస్తి.